హీత్రో నుంచి గాట్విక్: మ్యాపులో 40 కిలోమీటర్లు, చేతిలో ఉండాల్సింది ఏడు గంటలు

చవగ్గా వచ్చిందని కొనే అమెరికా టికెట్లలో కొన్నింటికి ఒక మెలిక ఉంటుంది. లండన్‌లో హీత్రో ఎయిర్‌పోర్టులో దిగాలి, గాట్విక్ అనే ఇంకో ఎయిర్‌పోర్టులో ఎక్కాలి. బుకింగ్ సైట్లు ఈ సంగతి చిన్న అక్షరాల్లో వేసి, మధ్యలో మూడున్నర గంటలు చూపించి చేతులు దులుపుకుంటాయి. ఆ టైములో ఈ పని అవదు. అలాంటి టికెట్ అమ్మడమే అన్యాయం.

లెక్క చూడండి. మన భారత పాస్‌పోర్టుకు ఈ-గేట్లు (పాస్‌పోర్టు స్కాన్ చేసుకుని వెళ్లే ఆటోమేటిక్ గేట్లు) తెరుచుకోవు, కౌంటర్ క్యూలో నిలబడాల్సిందే. క్యూకీ, బెల్టు మీద పెట్టెలు రావడానికీ కలిపి గంటన్నర వేసుకోండి. గీత గీస్తే 40 కిలోమీటర్లే గానీ, లండన్ చుట్టూ వేసిన ఎం25 హైవే మీద తిరిగి వెళ్లేసరికి 65 దాకా అవుతుంది. కోచ్‌కు, అంటే దూరప్రయాణాల బస్సుకు, మామూలుగా గంటా పావు, శుక్రవారం సాయంత్రం ఆ రోడ్డు మీద రెండు గంటలైనా పట్టొచ్చు. గాట్విక్‌లో మళ్లీ చెకిన్, మళ్లీ సెక్యూరిటీ. ఆలస్యాలకూ చోటిస్తే మొత్తం ఏడు గంటలు. పైగా టికెట్లు విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా ఆ డబ్బుకు పూచీ ఎవరూ పడరు. 1978 నుంచి 1986 వరకు ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య హెలికాప్టర్ తిరిగేది, పావుగంటలో దింపేది. ఎం25 వచ్చాక దాన్ని ఆపేశారు.

అన్నిటికన్నా ముందు వీసా. ఎయిర్‌పోర్టు మారడమంటే బ్రిటన్ సరిహద్దు దాటడమే, కాబట్టి ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసాతో అమెరికాకే వెళ్తూ, మర్నాటి అర్ధరాత్రిలోపు ఎగిరే కన్ఫర్మ్ టికెట్ ఉంటే మినహాయింపు ఉంది. అయినా చివరి మాట కౌంటర్‌లోని అధికారిదే. ఆ కాగితాలు ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా రైలు లేదు. లండన్ మీదుగా పోయే ఎలిజబెత్ లైన్ రైల్లో ఫారింగ్డన్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కడే గాట్విక్ వెళ్లే థేమ్స్‌లింక్ రైలు ఎక్కాలి. లిఫ్టులున్నాయి. రైళ్లకే గంటన్నర, వెయిటింగుతో రెండు గంటలు. హీత్రో నుంచి లండన్ నడిబొడ్డుకు ఎలిజబెత్ లైన్ చార్జీ 2025లో 13.90 పౌండ్లు. హీత్రో ఎక్స్‌ప్రెస్ రైలు మాత్రం ఎక్కకండి. అప్పటికప్పుడు కొంటే 25 పౌండ్లు (2025 ధర) పుచ్చుకుని 15 నిమిషాల్లో ప్యాడింగ్టన్ స్టేషన్‌లో దింపుతుంది, అక్కణ్నుంచి ఫారింగ్డన్‌కు మళ్లీ ఇంకో రైలు మారాల్సిందే. గేటు దగ్గర తాకించి వెళ్లే కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు మనిషికొకటి ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు.

పెద్దవాళ్లు వెంట ఉన్నా, మనిషికి రెండేసి పెద్ద పెట్టెలున్నా కోచే నయం. సామాను డిక్కీలో వేస్తే మళ్లీ గాట్విక్‌లోనే తీయడం. ఒక్కరే, ఒక పెట్టెతో, సాయంత్రం రద్దీలో అయితే రైలు.

మధ్యలో రాత్రి పడితే బస గాట్విక్ దగ్గరే తీసుకోండి. హీత్రోలో పడుకుని పొద్దున్నే ఎం25 ఎక్కితే ఆఫీసు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. రైలు స్టేషన్ సౌత్ టెర్మినల్‌కు ఆనుకుని ఉంటుంది. మీ విమానం నార్త్ నుంచి అయితే ఉచిత షటిల్ రైలుంది, దానికింకో పావుగంట కలుపుకోండి.