కాన్‌రెయిల్ రోజుల్లో ఆల్టూనా కొండల మీద చలికాలం: ఎక్కడ నిలబడాలి, ఎక్కడ పడుకోవాలి

ముందే చెప్పేస్తున్నా, చలికాలంలో రైళ్ళ ఫోటోల కోసం పెన్సిల్వేనియా వెళ్ళేవాళ్ళందరూ మొదట పరిగెత్తేది హార్స్‌షూ కర్వ్ (గుర్రపు నాడాలా లైను తిరిగే వంపు) కే, నా లెక్కలో మాత్రం అది మూడో ప్లేసు. ఎండాకాలం అయితే వేరే మాట. మైనస్‌లో ఉన్నప్పుడు ఫోటో ఎంత బాగా వస్తుందీ అనేదాని కంటే బండి వచ్చేదాకా ఎక్కడ తల దాచుకుంటాం అనేదే అసలు ప్రశ్న, ఎందుకంటే షట్టర్ నొక్కేది సెకను, ఎదురుచూసేది గంట.

ఇది 1996 ఫిబ్రవరి మొదట్లో సంగతి, పిట్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ చేస్తున్న రోజులు. జనవరిలో ఈస్ట్ కోస్ట్ అంతా బ్లిజార్డ్, తర్వాత రెండు వారాలు తిరక్కుండానే వాన పడి ఆ మంచంతా కరిగి నదులు పొంగి డౌన్‌టౌన్ దాకా వరద, అది తగ్గిందో లేదో మళ్ళీ చలి పట్టుకుంది, ఈసారి మామూలు చలి కాదు. మా నాన్నగారు వాల్తేరు డీజిల్ షెడ్లో చేసేవారు, అరకు ఘాట్ మీద ఐరన్ ఓర్ బండ్లు చూస్తూ పెరిగినవాణ్ణి, కాబట్టి నా పిచ్చికి ఒక కారణం ఉంది. నాతో వచ్చిన రూమ్మేట్‌కి అదీ లేదు పాపం. వాడిది గుడివాడ. "ఒరేయ్, మా ఊళ్ళో గేటు పడితే తిట్టుకుంటాం రా, నువ్వేంటి గూడ్సు బండి కోసం ఎదురు డబ్బులిచ్చి మరీ వచ్చి నిలబడ్డావు" అని దారి పొడుగునా ఒకటే నస.

అసలు అక్కడ ఏముందంటే, ఫిలడెల్ఫియా నుంచి పిట్స్‌బర్గ్ పోయే పాత పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మెయిన్ లైన్ అలెగెనీ కొండల్ని దాటేది ఆల్టూనా, గాలిట్జిన్ ఊళ్ళ మధ్యనే. 1854లో తెరిచిన లైను. ఆల్టూనా వైపు నుంచి ఎక్కుడు 1.8 శాతం దాకా ఉంటుంది, అంటే వంద మీటర్లకి దాదాపు రెండు మీటర్లు పైకి, బరువు బండ్లకి వెనక ఇంకో రెండు ఇంజన్లు పెట్టి తోస్తేగానీ ఎక్కవు. మన దగ్గర బ్యాంకర్లు అన్నట్టు వీళ్ళు హెల్పర్లు అంటారు. అప్పట్లో ఈ లైను కాన్‌రెయిల్ అనే గూడ్సు రైల్వే కంపెనీ చేతిలో ఉండేది, రోజుకి యాభైకి అటూ ఇటూగా బండ్లు, బొగ్గు, కార్లు మోసే ఆటోరాక్‌లు, ట్రెయిలర్లు ఎక్కించిన బండ్లు, వీటన్నిటి మధ్యలో ఆమ్‌ట్రాక్ అనే సంస్థ నడిపే ప్యాసింజర్లు. వాటిలో బ్రాడ్‌వే లిమిటెడ్ అనే రైలుని అంతకుముందు సెప్టెంబర్లోనే ఆపేశారు, దాని బదులు త్రీ రివర్స్ అనేది పెట్టారు, పెన్సిల్వేనియన్ ఎలాగూ ఉంది.

సర్వీసుల విషయానికొస్తే కారు రెంట్‌కి తీసుకోవడమే పెద్ద తలనొప్పి. పాతికేళ్ళ లోపు వాళ్ళమని రోజుకింత అని అదనంగా గుంజారు (పేరు చెప్పను, అందరూ అదే చేసేవాళ్ళు లెండి), ఇచ్చిన బండికి టైర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, అద్దం మీద ఐసు గీకే స్క్రేపర్ కూడా లేదు, రూట్ 22 మీద ఎబెన్స్‌బర్గ్ దాటేదాకా నా పాత క్యాసెట్ డబ్బాతో గీకుతూ వెళ్ళాం. చలికాలం వెళ్ళేవాళ్ళు కౌంటర్ దగ్గరే టైర్లు చూసి మరీ తీసుకోండి, మొహమాటపడకండి.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక మోటెల్. చీప్‌గా వచ్చింది కాబట్టి వెళ్ళాం. రూములో సిగరెట్ కంపు, హీటర్ పనిచేస్తే రాకాసి చప్పుడు, ఆపితే పావుగంటలో గడ్డకట్టే చలి, రెండిటి మధ్యలో ఏమీ లేదు. పైగా ట్రాక్‌కి చాలా దూరం, పొద్దున్నే లేచి కారు మంచులోంచి తవ్వుకుని వెళ్ళేసరికి మంచి లైట్ కాస్తా పోయింది.

మర్నాడు క్రెసన్ అనే ఊళ్ళో స్టేషన్ ఇన్‌కి మారాం, అక్కడితో ట్రిప్పు రూపే మారిపోయింది. రైళ్ళ పిచ్చోళ్ళ కోసమే నడిపే ఇల్లు అది, ముందు వరండా, వరండాకి ఎదురుగా మెయిన్ లైన్. బాత్రూమ్ చిన్నది, మంచం కిర్రుమంటుంది, లగ్జరీ కావాలంటే వెళ్ళొద్దు. కానీ రాత్రి రెండింటికి బొగ్గు బండి పోతుంటే కిటికీ అద్దాలు గలగలలాడతాయి చూడండి, ఆ సుఖం ఇంకెక్కడా దొరకదు. హెల్పర్ ఇంజన్లు ఉండేది కూడా క్రెసన్‌లోనే, పొద్దున్న వాటి ఐడ్లింగ్ చప్పుడుతో లేస్తాం. బ్రేక్‌ఫాస్ట్ పాన్‌కేక్‌లు, గుడ్లు. మేము శాకాహారులం అని చెప్తే ఏమీ విసుక్కోకుండా ఇంకో రెండు పాన్‌కేక్‌లు వేశారు. బయట డైనర్లలో మాత్రం వెజిటేరియన్ అంటే గ్రిల్డ్ చీజ్, ఫ్రెంచ్ ఫ్రైస్, అంతే. మా దగ్గరున్న పులిహోర డబ్బా కార్లో వదిలేస్తే రాయిలా బిగుసుకుపోయింది, దాన్ని హీటర్ వెంట్ ముందు పెట్టి తిన్నాం, కారంతా ఇంగువ వాసన.

ఇక స్పాట్లు. హార్స్‌షూ కర్వ్ చూడాల్సిందే, కాదనను. 220 డిగ్రీల వంపు, మూడు ట్రాకులు, మధ్యలో లోయ, ఆల్టూనా ఊరి మంచినీళ్ళ చెరువులు గడ్డకట్టి తెల్లగా. కింద నుంచి పార్కు దాకా ఫన్నిక్యులర్ (తాడుతో లాగే కొండ బండి) ఉంది గానీ మేము వెళ్ళినప్పుడు తిరగట్లేదు, 194 మెట్లు, మెట్ల మీద తొక్కుడు మంచు అద్దంలా గట్టిపడి ఉంది. పైన జీపీ9 ఇంజన్ ఒకటి డిస్‌ప్లేకి పెట్టారు, చాటు అంటే అదొక్కటే. గాలి లోయలోంచి సూటిగా వస్తుంది. పొడుగు బండి అయితే ముందు ఇంజన్లు ఒక పక్క, వెనక హెల్పర్లు ఇంకో పక్క, రెండూ ఒకేసారి కనబడతాయి, కానీ చుట్టూ కొండ కాబట్టి చలికాలం సూర్యుడు కిందుగా ఉండి సగం కర్వ్ నీడలోనే ఉంటుంది. నేను తీసిన వాటిలో చాలావరకు సగం నీలం సగం తెలుపు.

కసాండ్రా అనే చిన్న ఊళ్ళో ట్రాక్ మీద పాత బ్రిడ్జి ఉంది, రైల్‌ఫ్యాన్ల కోసం బెంచీలు కూడా వేశారు. జాన్స్‌టౌన్ వైపు నుంచి ఎక్కే బండ్లకి ఇదే బెస్ట్, చెట్ల మధ్యలోంచి తిన్నగా మన మీదకే వస్తాయి. బెంచీలు మంచులో కూరుకుపోయి వీపు ఆనించుకునే చెక్క మాత్రమే కనబడుతోంది. ఇక్కడ పెన్సిల్వేనియన్ దొరికింది నాకు, ఎఫ్40 ఇంజన్ ముందు, వెనక ఆమ్‌ఫ్లీట్ పెట్టెలు, పెట్టెలు అసలు కనబడితేగా, లేచిన మంచు పొడిలో మూడో పెట్టె నుంచి అంతా మాయం. గూడ్సు నెమ్మదిగా వస్తుంది కాబట్టి మంచు లేవదు, స్పీడులో ఉన్న ప్యాసింజర్ వస్తేనే ఆ ఎఫెక్ట్.

నా ఓటు మాత్రం గాలిట్జిన్‌కే. కొండ కింద టన్నెల్ దాటి బండ్లు సరిగ్గా ఊరి మధ్యలో బయటికొస్తాయి. డబుల్‌స్టాక్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటెయినర్లు పట్టడానికి ముందు సంవత్సరమే అలెగెనీ టన్నెల్‌ని పెద్దది చేసి రెండు ట్రాకులు వేశారు, పక్కన పాత గాలిట్జిన్ టన్నెల్‌ని వదిలేశారు. రోడ్డు బ్రిడ్జి మీద నిలబడితే చాలు, కారు పక్కనే, నాలుగడుగుల్లో హీటర్. టన్నెల్ నోటికి మనిషంత ఐసు కడ్డీలు వేలాడుతున్నాయి, ట్రాక్ మనుషులు ఇద్దరు పొడుగు గడలతో వాటిని పొడిచి పడగొడుతున్నారు. పడమటికి పోయే బండి వస్తుంటే ముందు చప్పుడు రాదండి, ముందు గాలి వస్తుంది. టన్నెల్లోంచి వెచ్చటి డీజిల్ గాలి తోసుకొచ్చి మొహానికి తగులుతుంది, ఆ తర్వాత పొగ, ఆ తర్వాతే హెడ్‌లైట్. కాన్‌రెయిల్ నీలం ఇంజన్లు నడుస్తున్న వేగానికి పక్కనే మనిషి పరిగెత్తొచ్చు, చప్పుడుకి మాత్రం బ్రిడ్జి కడ్డీ వణుకుతుంది. బండంతా అయిపోయాక చివర్లో హెల్పర్లు అంతే కష్టపడుతూ బయటికొస్తాయి. మా గుడివాడ వాడు మొదటిసారి నోరు మూసుకున్నది అక్కడే. కాసేపాగి "ఇంకోటి ఎప్పుడ్రా" అన్నాడు.

దానికి జవాబు స్కానర్ చెప్తుంది, అంటే రైలు సిబ్బంది వైర్‌లెస్ మాటలు వినిపించే చిన్న రేడియో. 160.800 మెగాహెర్ట్జ్ పెట్టుకుంటే అప్పట్లో కాన్‌రెయిల్ రోడ్ ఛానెల్, ట్రాక్ పక్కన బండిలో లోపాలు పసిగట్టే డిటెక్టర్లు బండి దాటగానే మైలుపోస్టు నంబరు చెప్పి నో డిఫెక్ట్స్ అంటాయి, అది వినగానే కారు దిగితే సరిపోతుంది. చలికాలంలో కెమెరా కంటే ముందు కొనాల్సింది ఇదే.

కెమెరా అంటే నాది సెకండ్‌హ్యాండ్ నికాన్ ఎఫ్ఎం2. దాని షట్టర్‌కి బ్యాటరీతో పనిలేదు, వెలుతురు కొలిచే మీటర్‌కి మాత్రమే కావాలి, అందుకే పక్కవాళ్ళ ఎలక్ట్రానిక్ కెమెరాలు మొరాయిస్తున్నా ఇది పనిచేసింది. బ్యాటరీని మాత్రం లోపలి జేబులో పెట్టుకుని మీటర్ చూడాల్సినప్పుడు వేసుకునేవాణ్ణి. ఆ చలికి ఫిల్మ్ పెళుసెక్కుతుంది, గబగబా తిప్పితే తెగడమో, స్టాటిక్ వచ్చి మెరుపు గీతలు పడటమో జరుగుతుంది, లివర్ మెల్లగా లాగాలి. మంచుని మీటర్ నమ్మితే బూడిద రంగులో వస్తుంది కాబట్టి ఒకటి ఒకటిన్నర స్టాప్ (వెలుతురు కొలత) ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. రూములోకి వచ్చేముందు కెమెరాని బయటే జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసెయ్యాలి, లేకపోతే లెన్స్ లోపల కూడా చెమ్మ పట్టేస్తుంది. కోడాక్రోమ్ 64 స్లయిడ్లు ఇప్పటికీ రంగు పోకుండా ఉన్నాయి. ప్రింట్ రోల్స్ మాల్‌లో ఉన్న గంట ల్యాబ్‌కి ఇచ్చాను, మెషీన్ తన తెలివి చూపించి మంచు మొత్తాన్ని సిమెంటు రంగు చేసింది, మళ్ళీ వెయ్యమంటే మళ్ళీ డబ్బులు అడిగారు.

1999 జూన్ 1న కాన్‌రెయిల్‌ని ముక్కలు చేసి పంచుకున్నారు, ఈ లైను నార్‌ఫోక్ సదరన్‌కి వెళ్ళింది, నీలం ఇంజన్లు నల్లగా మారిపోయాయి. కొండా, ఎక్కుడూ, హెల్పర్లూ మారలేదు కాబట్టి ఇప్పుడు వెళ్ళినా దండగ కాదు, క్రెసన్‌లో పడుకుని గాలిట్జిన్‌లో తియ్యండి, కర్వ్‌ని మధ్యాహ్నానికి ఉంచుకోండి. పిల్లల్ని తీసుకెళ్తున్నవాళ్ళు మాత్రం ఆ చలిలో నిలబెట్టకండి, పిట్స్‌బర్గ్ నుంచి పగటి పెన్సిల్వేనియన్ టికెట్ కొని కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, వచ్చేటప్పుడు ఎడమ పక్క, కర్వ్ లోపలి వైపు అదే.