పాలరాతి కెంపు, బసాల్ట్ కెంపు

కెంపు ఎక్కడ దొరికినా పదార్థం ఒకటే: అల్యూమినియం ఆక్సైడ్. అందులో కొద్దిగా క్రోమియం చేరితే ఎరుపు వస్తుంది. తేడా అంతా పుట్టిన చోటులోనే ఉంది.

మయన్మార్‌లోని మొగోక్ కెంపులు పాలరాతిలో పుట్టాయి. భారత ఫలకం ఆసియాను ఢీకొన్నప్పుడు, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి వేడికీ ఒత్తిడికీ పాలరాయిగా మారింది. అందులో వెలుగును అణిచేసే ఇనుము చాలా తక్కువ. అందుకే అతినీలలోహిత దీపం కింద పెడితే మొగోక్ కెంపు నిప్పుకణికలా వెలుగుతుంది. పగటి వెలుతురులోనూ ఆ మెరుపు కొంత కలిసి ఎరుపు మరింత చిక్కగా కనిపిస్తుంది. లెన్స్‌తో చూస్తే లోపల రూటైల్ అనే ఖనిజపు సన్నటి సూదులు పట్టుదారాల్లా మెరుస్తాయి. ఎంతసేపు చూసినా తనివి తీరదు.

థాయిలాండ్‌లోని చాంతబురి కెంపుల దారి వేరు. భూమి లోతుల్లో తయారై, బసాల్ట్ అనే నల్లరాయిగా గట్టిపడే లావాతో పాటు పైకి వచ్చాయి. లావా వాటిని పుట్టించలేదు, మోసుకొచ్చిందంతే. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇనుము ఎక్కువ కాబట్టి వెలుగు అణిగిపోతుంది, రంగు ముదురుగా, కాస్త గోధుమ ఛాయతో ఉంటుంది.

రెండు చోట్లా చుట్టూ ఉన్న రాయి శిథిలమైపోయినా, మోస్ కొలమానంలో (వజ్రానికి 10) కాఠిన్యం 9 ఉన్న కెంపు గులకల్లో మిగిలిపోతుంది.

రంగు కోసమైతే నా ఓటు పాలరాతి కెంపుకే. లోపల సూదులు లేని తేటదనం కావాలంటే థాయి రాయే చూడాలి.