డ్యూటీకి చవకైన మడత కత్తి: నాలుగు మోడళ్ల పరిశీలన

సైనికుడైనా పోలీసైనా డ్యూటీలో మడత కత్తి బయటికి తీసేది చాలావరకు తాడు కోయడానికి, పార్సిలు టేపు చీల్చడానికి, నైలాన్ పట్టీలూ ప్లాస్టిక్ జిప్ టైలూ తెంచడానికి, ఆహారం పొట్లం విప్పడానికి, అప్పుడప్పుడు నుజ్జయిన వాహనంలో ఇరుక్కున్న మనిషి సీటు బెల్టు కోయడానికి. ‘టాక్టికల్’ అన్న మాట తగిలించుకుని, నల్లరంగు పూసుకుని, పిడి మీద పుర్రె బొమ్మ వేసుకుని వచ్చే కత్తులు చాలా ఈ మామూలు పనుల దగ్గరే తేలిపోతాయి. నా లెక్కలో చవకైన డ్యూటీ కత్తికి మొదట చూడవలసింది లాకు (తెరిచిన బ్లేడు మడుచుకోకుండా పట్టి ఉంచే ఏర్పాటు), తరువాత ఒంటిచేత్తో తెరిచి మూసే వీలు, ఆ తరువాత పిడి. ఉక్కు వంతు నాలుగోది. కత్తుల అభిమానులకు ఈ వరుస నచ్చకపోవచ్చు, ఎందుకంటే వారి చర్చ ఉక్కు పేరుతో మొదలై అక్కడే ముగుస్తుంది.

చవక అంటే అంగట్లో దొరికే అతి తక్కువ ధర అని కాదు. పోయినా, విరిగినా, ఆపదలో ఎవరికైనా ఇచ్చి మరిచిపోయినా మళ్ళీ కొనుక్కోవడానికి రెండోసారి ఆలోచించనక్కరలేని ధర అని నా ఉద్దేశం. ఖరీదైన కత్తిని చాలామంది పనిలోకి దించడానికే వెనకాడతారు. డ్యూటీ కత్తికి అంతకంటే పనికిరాని గుణం లేదు.

లాకు గురించి కొంచెం ఓపికగా చెప్పుకోవాలి. తక్కువ ధర కత్తుల్లో ఎక్కువగా కనిపించేది లైనర్ లాకు. దీని ఇప్పటి రూపాన్ని 1980ల తొలి సంవత్సరాల్లో అమెరికా కత్తుల తయారీదారు మైకేల్ వాకర్ రూపొందించారు. పిడి లోపల ఉన్న పలుచని ఉక్కు రేకులో ఒక భాగం స్ప్రింగులా పక్కకు వచ్చి, తెరుచుకున్న బ్లేడు మొదలుకు అడ్డంగా నిలుస్తుంది. బాగా చేస్తే ఇది గట్టి లాకే, కాని బాగా చేయడానికి కొలతలు కుదరాలి, నాసిరకం కత్తుల్లో కుదరనివి కూడా అవే. కొనేముందు బ్లేడును పూర్తిగా తెరిచి, వెలుతురు వైపు తిప్పి లోపలికి చూడండి: రేకు కొస బ్లేడు మొదలు మీద సుమారు మూడో వంతు దూరం వరకు వచ్చి నిండుగా ఆనితే మంచిది. అంచు మీద గీత మందాన మాత్రమే తగులుతూ ఉంటే లాకు ఏ క్షణాన్నైనా జారవచ్చు. ఇప్పటికే అవతలి గోడ దాకా వెళ్ళిపోయి ఉంటే అరుగుదలకు ఇక చోటు మిగలలేదని అర్థం. ఆ తరువాత బ్లేడు దారిలో వేళ్ళు లేకుండా పిడిని వెనుక నుంచి పట్టుకుని, బ్లేడు వెన్నును ఒక చెక్క మీద మెల్లగా రెండు మూడు సార్లు తట్టి చూడాలి. సుత్తితో కొట్టినట్టు కొడితే మంచి లాకునైనా పాడుచేసినవారమవుతాము, కాబట్టి మెల్లగా అన్న మాటను మరువకూడదు. పేరు తెలియని ఒక చౌక కత్తి నా చేతిలో ఈ చిన్న తట్టుకే చప్పున మడుచుకుపోయింది. చూడడానికి మాత్రం అది అక్కడున్న అన్నిటికన్నా గంభీరంగా ఉంది.

లైనర్ లాకుకు ఉన్న రెండో చిక్కు మూసేటప్పుడు బయటపడుతుంది. రేకును పక్కకు నెట్టే బొటనవేలు కొంతసేపు బ్లేడు దారిలోనే ఉంటుంది. చలికి మొద్దుబారిన చేతులతో, మందపాటి గ్లౌజులతో, చీకట్లో ఆ పని చేయవలసినవారు కత్తి వెన్ను మీద నొక్కి విప్పే బ్యాక్ లాకును కూడా ఆలోచించాలి. బ్యాక్ లాకుకూ ఒక బలహీనత ఉంది: జేబులోని నూలుపోగులు, ఇసుక ఆ గాడిలో పేరుకుంటే లాకు పూర్తిగా కూర్చోదు, కూర్చున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి పుల్లతో ఆ గాడిని శుభ్రం చేసుకునే అలవాటు ఉన్నవారికే ఆ లాకు నప్పుతుంది.

ఇక మోడళ్ల సంగతి. నాలుగింటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది ఆంటారియో సంస్థ చేసే ర్యాట్-1కు. సుమారు 90 మిల్లీమీటర్ల బ్లేడు, నైలాన్ పిడి, లోపల రెండు వైపులా ఉక్కు లైనర్లు, లైనర్ లాకు. చూడడానికి ఏ ఆడంబరమూ లేదు. పిడి అరచేతి నిండా ఉంటుంది, గ్లౌజు వేసుకున్నా నాలుగు వేళ్ళూ సరిపోతాయి, బలంగా నొక్కినప్పుడు ఏ మూలా గుచ్చుకోదు. బ్లేడు వెన్ను నుంచి పదును దాకా సమంగా పలచబడుతూ వస్తుంది కనుక మందపాటి అట్టపెట్టెలో కూడా ఇరుక్కోకుండా సాగుతుంది. జేబుకు తగిలించే క్లిప్పును నాలుగు చోట్ల బిగించుకోవచ్చు. కుడిచేయి వేరే పనిలో ఉన్నప్పుడు ఎడమచేత్తో తీయవలసివచ్చే ఉద్యోగంలో ఇది చిన్న విషయం కాదు. బరువు మాత్రం సుమారు 140 గ్రాములు, పలుచని ప్యాంటు జేబును అది కిందికి లాగుతుంది. యూనిఫారం బట్ట దళసరిగా ఉంటుంది కనుక అక్కడ ఈ ఫిర్యాదు పెద్దగా నిలవదు.

బరువు మోయలేమనుకునేవారికి స్పైడర్కో ఎండ్యూరా ఉంది. సుమారు 96 మిల్లీమీటర్ల బ్లేడు ఉన్నా వంద గ్రాములకు అటూ ఇటూ మాత్రమే తూగుతుంది, బ్యాక్ లాకు, జపాన్‌లోని సెకీ పట్టణంలో తయారవుతుంది. బొటనవేలితో తెరవడానికి బ్లేడు మీద ఉండే గుండ్రని రంధ్రాన్నీ, జేబు క్లిప్పునూ ఈ సంస్థ 1981లోనే తెచ్చింది. ఇన్నేళ్ల తరువాత కూడా గ్లౌజుతో తెరవడానికి ఆ రంధ్రాన్ని మించిన ఉపాయం నాకు కనబడలేదు, ఎందుకంటే చిన్న మేకులాంటి బొడిపె వేలికి అందదు, రంధ్రం అంచు అందుతుంది. అయితే ఇది మన నాలుగింటిలో ఖరీదైనది, చవక అన్న మాటకు పై అంచున నిలబడుతుంది. అదే సంస్థ చైనాలో చేయించే టెనేషియస్ ధరలో అందుబాటుగా ఉంటుంది, జీ-10 (గాజు పీచును రెసిన్‌తో గట్టిపరిచిన పదార్థం) పిడి తడిచేతిలో బాగా నిలుస్తుంది. ర్యాట్-1 దొరకని చోట దాన్ని తీసుకోవడంలో తప్పు లేదు.

నాలుగోది సీఆర్‌కేటీ సంస్థ చేసే ఎం16. దీన్ని రూపొందించిన కిట్ కార్సన్ అమెరికా సైన్యంలో పనిచేసి విరమించిన వ్యక్తి, ఆ అనుభవం కత్తిలో కనిపిస్తుంది. బ్లేడు వెనుక పొడుచుకువచ్చే చిన్న రెక్కను వేలితో నొక్కితే కత్తి తెరుచుకుంటుంది, తెరిచాక అదే రెక్క వేళ్ళు పదును మీదికి జారకుండా అడ్డుగా నిలుస్తుంది. ఇదొక్కటే చాలు అనిపిస్తుంది, కాని కొన్ని రకాలలో లైనర్ లాకు పైన మరో తాళం తనంతట తాను పడుతుంది. భద్రత పెరిగిన మాట నిజమే. దానికి బదులుగా మూసేటప్పుడు ఆ తాళం మీటను వెనక్కి లాగి పట్టుకుని, అదే సమయంలో లైనరును నెట్టాలి. ఒంటిచేత్తో మూయడం సాధన ఉన్నవారికే సాధ్యం. తాడు పట్టుకుని కొండమీద వేలాడుతున్నవాడికి ఇది అక్కరకు రాదు.

ఇక్కడ ఒక పక్కమాట. స్విట్జర్లాండు సైన్యం 2009 నుంచి తన సైనికులకు ఇస్తున్న విక్టోరినాక్స్ కత్తిలో ఒంటిచేత్తో తెరిచే లాకు బ్లేడుతో పాటు రంపం, డబ్బాలు తెరిచే పరికరం, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. సైనికుడి రోజులో ఏ పనులు ఉంటాయో సైన్యానికే బాగా తెలుసు. ఒకే పరికరం మోయగలిగినవారు అటువైపు చూడడమే తెలివైన పని. ఫ్రెంచి ఒపినెల్ కత్తి ఇంకా చవక, పదును కూడా అద్భుతం, 1955 నుంచి తిప్పి బిగించే ఉంగరం లాకు కూడా వస్తోంది. కాని తెరవడానికి రెండు చేతులూ కావాలి, చెక్క పిడి తడికి ఉబ్బి బ్లేడును బిగించేస్తుంది. అది విడిదిలో వాడుకునే కత్తి.

ఉక్కు విషయంలో ఈ ధరలో ఎదురయ్యే పేర్లు కొన్నే. ఏయూఎస్-8, 8సీఆర్13ఎంఓవీ రెండూ పదును త్వరగా పోగొట్టుకుంటాయి, అంతే త్వరగా మళ్ళీ పదునెక్కుతాయి. ఏ సానరాయి దొరికినా పని గడుస్తుంది. డీ2 పదునును ఎక్కువకాలం నిలుపుకుంటుంది, ర్యాట్-1 ఆ ఉక్కులో కూడా వస్తుంది, అయితే దానిలో తుప్పును ఆపే క్రోమియం సుమారు 12 శాతమే, అందులోనూ కొంత కార్బన్‌తో కలిసిపోతుంది కనుక చెమటకూ ఉప్పుగాలికీ తుప్పు మచ్చలు వస్తాయి. సముద్రతీరంలో, వానల్లో పనిచేసేవారు దాన్ని వదిలి స్వీడన్ వారి 14సీ28ఎన్ ఉన్న కత్తి వెతుక్కోవాలి. బ్లేడు మీది నల్లపూత మెరుపును తగ్గిస్తుంది, తుప్పును కొంత ఆపుతుంది, కాని పదును గీత మీద పూత ఉండదు, తుప్పు మొదలయ్యేది అక్కడే.

పోలీసులు విడిగా ఆలోచించవలసినవి రెండున్నాయి. సీటు బెల్టు, తాడు లాంటి పీచు వస్తువులను రంపపు పళ్ళ అంచు చకచకా కోస్తుంది, మామూలు పదును మొద్దుబారినా అది కోస్తూనే ఉంటుంది. సగం పళ్ళు, సగం సాదా ఉన్న బ్లేడు వారికి నప్పుతుంది, అయితే పళ్ళకు సాన పట్టడం కష్టమని తెలిసి కొనాలి. గాయపడిన మనిషి పక్కన వాడేటప్పుడు సన్నని మొన ప్రమాదకరం, మొండి మొన ఉన్న రెస్క్యూ రకం మేలు. పిడి చివర అద్దం పగులగొట్టే గట్టి మొన ఉంటే అది పక్క కిటికీల టెంపర్డ్ గాజు మీదే పనిచేస్తుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న లామినేటెడ్ గాజు కనుక చిట్లుతుందే కాని రాలదు, కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా అలాగే వస్తున్నాయి.

ఏ కత్తితోనూ మూతలు మీటకూడదు. మడత కత్తి మొన విరిగేదీ, ఇరుసు వదులయ్యేదీ ఎక్కువగా అలాగే. ఇరుసు స్క్రూలు వాడకంలో వదులవడం సహజం. వాటికి సరిపడే టోర్క్స్ (నక్షత్రం ఆకారపు కొస ఉన్న) డ్రైవరు ఒకటి దగ్గర ఉంచుకుని, విప్పి బిగించేటప్పుడు నీలిరంగు థ్రెడ్ లాకర్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేస్తే చాలాకాలం కదలవు. నూనె ఒక్క చుక్కకు మించితే ఇసుకను పట్టి ఉంచుతుంది. పేరున్న మోడళ్లకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి, కనుక మామూలు ధరకు బాగా తక్కువగా కనిపించేదాన్ని గుర్తింపు ఉన్న విక్రేత దగ్గర తప్ప కొనవద్దు. ఒక దళమంతటికీ కొనేటప్పుడు ముందుగా రెండో మూడో తెప్పించి, గ్లౌజులతో, తడిచేతులతో, ఎడమచేతివాటం ఉన్నవారితో కూడా తెరిపించి మూయించి చూసి, ఆ తరువాతే మిగిలినవి తెప్పించుకోవాలి. డ్యూటీలో అనుమతి ఉన్న కత్తిని సెలవులో మోయడానికి చట్టం ఒప్పుకోకపోవచ్చు కూడా: ఉదాహరణకు బ్రిటన్‌లో కారణం చూపకుండా బహిరంగంగా దగ్గర ఉంచుకోగలిగేది పదును పొడవు 3 అంగుళాలు మించని, లాకు లేని మడత కత్తి మాత్రమే, ఆ లెక్కన పై నాలుగింటిలో దేన్నీ అక్కడ కారణం లేకుండా బహిరంగంగా మోయకూడదు.