మా డిగ్రీ పిల్లలతో హైదరాబాద్: పొద్దున సాలార్‌జంగ్, సాయంత్రం కచేరీ

మాది జనగామ వైపు డిగ్రీ కాలేజీ. మా పిల్లల్లో చాలామంది హైదరాబాద్ వచ్చిందే ఆస్పత్రి పనికో చుట్టాల పెళ్లికో, మ్యూజియం గానీ కచేరీ గానీ ఎవ్వరూ చూళ్లేదు. అందుకే ఈసారి ఫిల్మ్ సిటీలు, పార్కులు అన్నీ పక్కన పెట్టి ఈ రెండింటికే తీస్కపోయిన.

సాలార్‌జంగ్ మ్యూజియంకి శుక్రవారం సెలవు, చూసుకొని పెట్టుకోండి. నాంపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కణ్ణుంచి ఆటోకి దగ్గరే. లోపల గ్యాలరీలు మస్తుంటయి, అన్నీ చూడాలని పరుగు పెడితే మధ్యాహ్నానికి కాళ్లనొప్పులు తప్ప పిల్లలకి ఏం మిగలదు, నా మాట విని నాలుగైదు చోట్లే ఎక్కువసేపు ఆగండి. మేం ముసుగేసుకున్న రెబెకా శిల్పం దగ్గర చాలాసేపు ఉన్నం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది, నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నడు. "మేడం, ఆ బట్ట మీద కప్పిర్రా?" అని ఒకమ్మాయి అడిగింది, కాదమ్మా ముఖం, ముసుగు అంతా ఒకటే పాలరాయి అంటే నమ్మక పక్కకి పోయి వంగి వంగి చూసింది. నేను చెప్పే వివరాల కన్నా ఆ అనుమానమే విలువైంది. ముందు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక మార్గరెటా అనే అమ్మాయి ఉన్న చెక్క బొమ్మ కూడా అంతే, వెనక అద్దం ఉంటది, ఎవరికి వాళ్లే కనిపెట్టనియ్యండి. బొమ్మొచ్చి గంటలు కొట్టే గడియారం దగ్గర పన్నెండింటికి జనం బాగుంటరు, కొంచెం ముందే పోయి కూర్చోవాలె.

సాయంత్రం ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్ ఎక్కి చిక్కడపల్లిలో దిగినం, త్యాగరాయ గానసభలో గాత్ర కచేరీ. పిల్లల్ని ముందు వరుసల్లో కూర్చోబెట్టిన, మొదటిసారికి ఇట్లాంటి మామూలు సైజు హాలే నయం, పాడేవాళ్ల ముఖం, వయొలిన్ మీద వేళ్లు కనపడాలె కదా. నిజం చెప్పాలంటే మొదట్ల చాలామంది కదులుతనే ఉన్నరు, ఆలాపనలో మాటలుండవు, ఎప్పుడైపోతదో తెల్వదు. త్యాగరాజ కీర్తన మొదలైనంక "అరె ఇది తెలుగే" అని గుసగుసలు, అప్పట్నుంచి చెవులు అటే. ఇంక తని ఆవర్తనం వచ్చేసరికి, మృదంగం ఒక్కటే మోగుతుంటే, తాత ఒగ్గుకథలో డోలు కొట్టే ఇంటి పిల్లగాడు ఒకడు తొడ మీద తాళం వేస్తూ లెక్క ఎక్కడా తప్పలే. ఒగ్గుకథ చెప్పే చుక్క సత్తయ్య గారు పుట్టిన జిల్లా పిల్లలు వీళ్లు, వీళ్లకి సంగీతం తెల్వదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. తెలియంది ఆ హాలు, ఆ పద్ధతి, అంతే.

బస సంగతి. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగినం. రూములు శుభ్రమే, గుంపుకి రేటు తగ్గించిర్రు, కానీ వేడినీళ్లు పొద్దున కొంచెంసేపే, ఫోన్లో చెప్పింది వేరు. ఆడపిల్లలుంటే ఒకే అంతస్తులో రూములు కావాలని ముందే రాయించుకోండి, ప్రతి ఒక్కరి ఆధార్ కాపీ తెచ్చుకోండి, లేకుంటే కౌంటర్ దగ్గరే సగం పొద్దు పోతది.

వచ్చేసారి కూడా ఇట్లనే రెండే పెడత: పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం, అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది, సాయంత్రం రవీంద్రభారతిలో కూచిపూడి దొరికితే అది. రెండూ అసెంబ్లీ పక్కనే, నడిచి పోవచ్చు.