బ్రిటన్ గ్రాడ్యుయేట్ వీసా దరఖాస్తు: ఫారం తేలికే, తేదీలతోనే తంటా

బ్రిటన్‌లో చదువు ముగించినవాళ్లు అక్కడే ఉండి పనిచేసుకునేందుకు ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాను మనవాళ్లు ఇప్పటికీ పీఎస్‌డబ్ల్యూ (పోస్ట్ స్టడీ వర్క్) అనే అంటారు. ఆ పేరున్న పాత వీసాను బ్రిటన్ 2012 ఏప్రిల్‌లోనే ఎత్తేసింది. ఇప్పుడున్నది గ్రాడ్యుయేట్ వీసా. 2021 జులై 1న మొదలైంది. స్పాన్సర్ అక్కర్లేదు, కనీస జీతం షరతు లేదు, దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. పొడిగింపు మాత్రం లేదు, జీవితంలో ఒక్కసారే ఇస్తారు. దానికి దరఖాస్తు చేసే ఏర్పాటు ఎలా పనిచేస్తోంది, డబ్బుకు తగ్గట్టు ఉందా, ఎక్కడ దెబ్బ తింటారు అన్నదే ఈ సమీక్ష.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. బ్రిటన్ వీసా ఫారాల్లో ఇంత తేలికైనది మరొకటి కనబడదు. బ్యాంకు స్టేట్‌మెంట్ అడగరు. ఇంగ్లిష్ పరీక్ష అడగరు. డిగ్రీ పట్టా కూడా అక్కర్లేదు, స్నాతకోత్సవం దాకా ఆగే పనీ లేదు. కావాల్సినవి పాస్‌పోర్ట్, పాత బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డు ఉంటే అది, చదివిన కోర్సు తాలూకు క్యాస్ నంబర్ (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ప్రవేశ ధ్రువీకరణ నంబర్), ఈమెయిల్, ఫోన్. క్యాస్ నంబర్ పోగొట్టుకుంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు మళ్లీ ఇస్తుంది. చదువు ఖర్చు, జీవన ఖర్చు రెండూ ప్రభుత్వమో అంతర్జాతీయ స్కాలర్‌షిప్ సంస్థో గత 12 నెలల్లో భరించి ఉంటే మాత్రం వాళ్ల సమ్మతి లేఖ జతచేయాలి. అన్నీ పక్కన పెట్టుకుని కూర్చుంటే ఫారం గంటలోపే అయిపోతుంది. మధ్యలో ఆపినా పోదు, ఈమెయిల్‌కు వచ్చిన లింకుతో మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇక పేచీ. ఈ వీసాకు అసలు షరతు ఇది: కోర్సు విజయవంతంగా పూర్తయిందని యూనివర్సిటీ, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసుకు తెలియజేసి ఉండాలి, అదీ మీరు దరఖాస్తు పంపేలోపే. ఫలితాలు మీ పోర్టల్‌లో కనబడటం వేరు, యూనివర్సిటీ ఆ కబురు హోమ్ ఆఫీసుకు చేరవేయడం వేరు. రెంటికీ మధ్య కొన్ని రోజులు, ఒక్కోచోట వారాలు పడుతుంది. ఈ తేడా తెలియక, మార్కులు చూడగానే ఫారం నింపేసేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. ఫారం ఆపుతుందా అంటే ఆపదు. అటు కబురు అందిందో లేదో చూడకుండానే డబ్బు తీసుకుని, తర్వాత తిరస్కరిస్తుంది. రైలు రద్దయిందని తెలిసీ టికెట్ కోసిచ్చే కౌంటర్ లాంటిదిది. ఈ ఏర్పాటులో పెద్ద లోపం ఇదే. కాబట్టి 'మీ వివరాలు హోమ్ ఆఫీసుకు పంపాం' అని యూనివర్సిటీ నుంచి స్పష్టంగా ఈమెయిల్ వచ్చేదాకా పంపే బటన్ జోలికి వెళ్లొద్దు.

మాస్టర్స్ వాళ్లకు ఈ గడువు ఎంత ఇరుకో లెక్క వేసి చూడండి. 12 నెలలు, అంతకు మించిన కోర్సుకు స్టూడెంట్ వీసా కోర్సు ముగిశాక నాలుగు నెలలు నడుస్తుంది. సెప్టెంబర్ చివర్లో కోర్సు ముగిస్తే జనవరి చివరిదాకా అన్నమాట. డిసర్టేషన్ దిద్ది, ఎగ్జామ్ బోర్డు కూర్చుని, ఫలితం తేల్చేసరికి నవంబర్, డిసెంబర్ వచ్చేస్తాయి. చేతిలో మిగిలేది కొన్ని వారాలే. రీసిట్ (తప్పిన పరీక్ష మళ్లీ రాయడం) పడితే అదీ కరిగిపోతుంది. ఫెయిలైన మాడ్యూల్ బదులు పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమాతో సరిపెట్టుకుందామంటే కుదరదు, మాస్టర్స్ డిగ్రీ వస్తేనే అర్హత. రీసిట్ అనగానే ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లి వీసా గడువు సంగతి అడగడం మొదటి పని, చదవడం రెండోది.

తేదీల్లో ఇంకో మెలిక ఉంది, దీన్ని ఏ పేజీ పెద్ద అక్షరాల్లో చెప్పదు. గ్రాడ్యుయేట్ వీసా కాలం నిర్ణయం వెలువడిన రోజు నుంచి మొదలవుతుంది. స్టూడెంట్ వీసాలో మిగిలిన రోజులు దానికి కలవవు. జనవరి 28 దాకా స్టూడెంట్ వీసా ఉన్నవాళ్లు డిసెంబర్ 3న దరఖాస్తు చేసి 20వ తేదీకల్లా నిర్ణయం అందుకుంటే నెలకు పైగా గాలికి పోయినట్టే. అందుకే ఉద్యోగం చేతిలో లేనివాళ్లు జనవరి రెండో వారం దాకా ఆగుతారు. సబబైన లెక్కే. అయితే చివరి రోజు దాకా లాగొద్దు. కార్డుతో చెల్లింపు రెండుసార్లు విఫలమైతే గడువు దాటుతుంది. దరఖాస్తు తేదీ అంటే ఫారం తెరిచిన రోజు కాదు, ఫీజు కట్టి పంపిన రోజు. కనీసం పది రోజులు చేతిలో ఉంచుకోండి.

2026లో కోర్సు ముగిసేవాళ్లకు పై సలహా తిరగబడుతుంది. 2027 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ దరఖాస్తు చేస్తే బ్యాచిలర్స్, మాస్టర్స్ వాళ్లకు వచ్చేది 18 నెలలే. 2026 డిసెంబర్ 31లోపు పంపితే రెండేళ్లు. పీహెచ్‌డీకి ఎప్పుడు చేసినా మూడేళ్లే. అంటే ఆ బ్యాచ్ వాళ్లు జనవరి దాకా ఆగి నెల రోజులు మిగుల్చుకోబోతే ఆరు నెలలు పోతాయి. మీ డిపార్ట్‌మెంట్ ఎగ్జామ్ బోర్డు ఏ తేదీన కూర్చుంటుందో, హోమ్ ఆఫీసుకు ఎప్పుడు రాస్తారో అక్టోబర్‌లోనే అడిగి పెట్టుకోవాలి.

డబ్బు సంగతి. 2025 ఏప్రిల్ 9 నాటి పట్టిక ప్రకారం దరఖాస్తు ఫీజు 880 పౌండ్లు. దానికి తోడు హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యసేవల కోసం ముందే కట్టే రుసుము) ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్లకు 2,070. మొత్తం 2,950 పౌండ్లు, అంతా దరఖాస్తుతోపాటే. పీహెచ్‌డీకి 3,985. పథకం మొదలైన 2021లో ఫీజు 700, సర్‌ఛార్జ్ ఏడాదికి 624, మొత్తం 1,948తో సరిపోయేది. సేవ మెరుగైంది పెద్దగా ఏమీ లేదు, ధర మాత్రం సగానికి సగం పెరిగింది. ఫీజులు ఏప్రిల్‌లో మారే అలవాటుంది కాబట్టి కట్టే రోజున ప్రభుత్వ పేజీలో అంకె చూసుకోండి.

చెల్లింపు రెండు విడతలు. ఫారం మిమ్మల్ని ముందు సర్‌ఛార్జ్ పేజీకి పంపుతుంది, అక్కడ కట్టి తిరిగొచ్చాక ఫీజు కట్టాలి. కొంతమంది మొదటి చెల్లింపు కాగానే పనైపోయిందనుకుని ట్యాబ్ మూసేస్తారు. దరఖాస్తు వెళ్లదు. ఇంకొందరు పేజీ తిరుగుతూ ఉంటే మళ్లీ నొక్కి రెండుసార్లు కడతారు. అదనంగా కట్టిన సర్‌ఛార్జ్ వెనక్కి వస్తుంది గానీ అందాకా అంత మొత్తం ఇరుక్కుపోతుంది. మన దేశపు కార్డుతో కట్టేవాళ్లు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేశారో లేదో, రోజువారీ పరిమితి సరిపోతుందో లేదో ముందు రోజే చూడాలి. ఓటీపీ వచ్చే నంబర్ పనిచేస్తుండాలి. ఇంట్లోవాళ్ల కార్డయితే వాళ్లు నిద్రపోని వేళ చూసుకోండి, ఓటీపీ వాళ్ల ఫోన్‌కే వస్తుంది మరి. వీసా తిరస్కరిస్తే సర్‌ఛార్జ్ తిరిగి ఇస్తారు, ఫీజు ఇవ్వరు.

ఫారంలో జాగ్రత్త పడాల్సిన గడి పేరు. ఇంటిపేరు ఒక పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకోదాంట్లో మొత్తం పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. సర్టిఫికెట్‌లో ఎలా ఉంది, కాలేజీలో ఎలా పిలిచారు అన్నవి ఇక్కడ పనికిరావు. పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఏముందో ఇక్కడా అదే గడిలో అదే రాయండి. ఇప్పటి ఈవీసాలో (ఆన్‌లైన్‌లో ఉండే మీ వీసా రికార్డులో) పేరు వేరేగా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించుకోవడం మేలు.

గుర్తింపు పరీక్షకు రెండు దారులు. మీ దగ్గరున్న పత్రాన్ని బట్టి యాప్‌తో అవుతుందా, బయోమెట్రిక్ కేంద్రానికి వెళ్లాలా అన్నది ఫారమే చెబుతుంది. యాప్ దారి పడితే ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరగా పెడితే చిప్ చదివే సదుపాయం) ఉండాలి. యాప్ ముందు పత్రాన్ని ఫొటో తీస్తుంది, తర్వాత దానిలోని చిప్ చదువుతుంది, ఆపైన ముఖం మీద రంగుల వెలుగులు వేసి స్కాన్ చేసి, చివర్లో ఫొటో అడుగుతుంది. తొంభై పాళ్ల గొడవ చిప్ దగ్గరే. ఫోన్ కవర్ తీసేయండి. ఇనుప బల్ల మీద పెట్టకండి. ఐఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ పై అంచు దగ్గర ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్లలో వెనక మధ్యలో. ఫోన్‌ను పత్రం మీద ఆనించి, చదవడం అయ్యేదాకా కదపకుండా పట్టుకోవాలి, గీరినట్టు జరపకూడదు. ఫొటో దగ్గర కళ్లద్దాలు తీసి, సాదా గోడ ముందు, కిటికీకి ఎదురుగా నిలబడితే ఒక్కసారికే అవుతుంది. పనిచేసినప్పుడు యాప్ నిజంగా బాగుంది, ఇంట్లో కూర్చుని పావుగంటలో ముగుస్తుంది. కేంద్రానికి వెళ్లాల్సి వస్తే ఉచిత స్లాట్లు తొందరగా నిండుతాయి, డబ్బులు పెట్టే స్లాట్లు ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. రోజూ పొద్దున చూస్తే ఉచితమైనవి దొరుకుతుంటాయి.

నిరీక్షణకు అధికారికంగా చెప్పే గడువు 8 వారాలు. ఆ కాలంలో స్టూడెంట్ వీసా ముగిసినా, గడువులోపు దరఖాస్తు చేసి ఉంటే పాత అనుమతి కొనసాగుతుంది. కోర్సు పూర్తయి దరఖాస్తు పంపాక శాశ్వత పూర్తికాల ఉద్యోగంలో చేరొచ్చు. పంపక ముందు మాత్రం, కోర్సు ముగిశాక పూర్తి సమయం పనిచేయొచ్చు గానీ శాశ్వత పోస్టులో చేరకూడదు, సొంత వ్యాపారమూ చేయకూడదు. ఈ సన్నని గీత తెలియని హెచ్‌ఆర్‌లు చాలామంది. నిర్ణయం కోసం ఎదురుచూసే రోజుల్లో ఈవీసాలో షేర్ కోడ్ (మీ వీసా హోదాను కంపెనీ సరిచూసుకునేందుకు ఇచ్చే కోడ్) తీయబోతే పాత గడువే చూపిస్తుంది లేదా అసలు రాదు. అప్పుడు కంపెనీ హోమ్ ఆఫీసు వారి ఎంప్లాయర్ చెకింగ్ సర్వీసులో అడిగితే ధ్రువీకరణ వస్తుంది, అది 6 నెలలు చెల్లుతుంది. ఆఫర్ పోయిందని కంగారు పడేముందు ఈ దారి హెచ్‌ఆర్‌కు మీరే చెప్పండి.

నిర్ణయం వచ్చేదాకా దేశం దాటకూడదు. ఐర్లాండ్, ఐల్ ఆఫ్ మ్యాన్, ఛానెల్ దీవులు తప్ప ఎక్కడికి వెళ్లినా దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే లెక్క. ఐర్లాండ్‌కు మన పాస్‌పోర్ట్‌తో వేరే వీసా కావాలి కాబట్టి ఆ మినహాయింపు మనకు పేరుకే. సంక్రాంతికి టికెట్లు ముందే తీసుకున్నవాళ్లు వెళ్లొచ్చాక దరఖాస్తు చేయాలి, స్టూడెంట్ వీసా గడువు అనుమతిస్తేనే. దరఖాస్తు చేసేటప్పుడు బ్రిటన్‌లోనే ఉండాలన్నది ఇంకో షరతు, ఇంటి నుంచి పంపితే చెల్లదు.

భార్య, భర్త, పిల్లలను కొత్తగా తెచ్చుకునే వీలు లేదు. స్టూడెంట్ వీసాలో ఇప్పటికే డిపెండెంట్లుగా ఉన్నవాళ్లు, బ్రిటన్‌లో పుట్టిన బిడ్డ మాత్రమే కొనసాగొచ్చు. ఒక్కొక్కరికి విడిగా ఫీజు, సర్‌ఛార్జ్.

కన్సల్టెన్సీలకు ఈ పనికి డబ్బు ఇవ్వడం దండగ. వాళ్లు నింపేది మీరు నింపగల ఫారమే, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు ఉచితంగా చూసిపెడుతుంది. పాత వీసా తిరస్కరణ, క్రిమినల్ కేసు, గడువు దాటి ఉండిపోవడం లాంటి మచ్చ ఉంటే అప్పుడు నిజంగా సలహా కావాలి. ఆ సలహా ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర నమోదైనవాళ్ల దగ్గరో, సొలిసిటర్ దగ్గరో తీసుకోండి. వెబ్ చిరునామాలో జీఓవీ డాట్ యూకే లేని పేజీలో దరఖాస్తు మొదలుపెట్టొద్దు. తిరస్కరణ వస్తే 14 రోజుల్లో 80 పౌండ్లతో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించడం) అడగొచ్చు. అధికారి పొరపాటు చేశాడని చూపగలిగితేనే అది పనికొస్తుంది. యూనివర్సిటీ కబురు అందకముందే పంపినవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆమోదం ఈమెయిల్‌లో వస్తుంది, కార్డు ఏమీ రాదు. యూకేవీఐ (బ్రిటన్ వీసాల విభాగం) ఖాతాలోకి వెళ్లి పేరు, పుట్టిన తేదీ, ముగింపు తేదీ, పాస్‌పోర్ట్ నంబర్ అప్పుడే సరిచూడండి. తర్వాత పాస్‌పోర్ట్ మార్చుకుంటే కొత్త నంబర్ ఖాతాలో కలపాలి, లేకపోతే తిరుగు ప్రయాణంలో విమానం కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. షేర్ కోడ్ 90 రోజులు చెల్లుతుంది, అవసరమైనప్పుడల్లా కొత్తది తీసుకోవచ్చు.

ఈ రెండేళ్ల తర్వాత కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలనుకునేవాళ్లు ఒక అంకె ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి. 2025 జులై 22 నుంచి ఆ వీసాకు సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకు 33,400. ఆ పోస్టుకు మార్కెట్ రేటు ఇంకా ఎక్కువైతే దాన్నీ అందుకోవాలి. కొత్తవాళ్లకిచ్చే ఈ తగ్గింపు రేటు నాలుగేళ్లకు మించి దొరకదు, గ్రాడ్యుయేట్ వీసాలో గడిపిన కాలమూ ఆ నాలుగేళ్లలోకే వస్తుంది. రెండేళ్లు ఇక్కడ వాడేసుకుంటే అక్కడ మిగిలేవి రెండే. ఇంటర్వ్యూలో జీతం మాట్లాడేటప్పుడు, ఆ నాలుగేళ్లు ముగిసేసరికి 41,700 దాటే పోస్టేనా అని అడగడం ఆ రోజే అవసరం.