రెఫ్యూజియంతో మూడేళ్లు: మా పగడాల తొట్టిలో పాకురు ఎలా తగ్గింది

హన్మకొండలో మా ఇంటి హాల్లో 4 అడుగుల రీఫ్ ట్యాంక్ ఉంది. దాని కింద, నీళ్లు వడపోతకు దిగే రెండో తొట్టిలో (సంప్) రెఫ్యూజియం అనే గది ఒకటి వదిలి, చీటోమార్ఫా (చీటో) అనే సముద్రపు నాచును పెంచడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. చిక్కుపడ్డ పచ్చటి గాలపు దారం ముద్దలా ఉంటుందది. ఈ తొట్టికి నేను కొన్నవాటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ మేలు చేసింది ఇదే.

మొదటి ఏడాది రాళ్ల నిండా వేలెడు పొడవు పాకురు. ఆదివారం వస్తే పాత టూత్‌బ్రష్‌తో గీకడమే పని. నీళ్లు టెస్ట్ చేస్తే పాకురుకు మేతయ్యే నైట్రేట్ 40 పీపీఎం, ఫాస్ఫేట్ 0.4. నేను పోస్తున్నవి ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు. రుచి కోసం వాటిలో కొంచెం బోరు నీరు కలిసేలా మా మెషీన్‌లో టీడీఎస్ కంట్రోలర్ ఉంది. ఇక్కడి ఎండలకు రోజూ నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి. పోయేది నీరే, అందులోని నైట్రేట్ తొట్టిలోనే ఉండిపోతుంది. నీటిలో మిగిలిన లవణాలనూ తీసేసే డీఐ దశ ఉన్న ఫిల్టర్ పెట్టి, టీడీఎస్ మీటర్ మీద సున్నా చూశాకే నీళ్లు పోయడం మొదలుపెట్టాను. చేపల మేత కూడా ఐసు కరిగించి, వడగట్టి వేస్తున్నాను.

అప్పటి తొందరలో ఫాస్ఫేట్ పీల్చే జీఎఫ్ఓ గుళికలు రెట్టింపు వేశాను. పది రోజుల్లో ఫాస్ఫేట్ సున్నా, పాకురు మాయం. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. రెండు వారాలు తిరగకముందే ఇసుక మీద గోధుమరంగు జిగురు తీగలు వచ్చాయి. ప్రతి తీగ కొసన చిన్న గాలిబుడగ. రాత్రి లైటు ఆర్పితే పలచబడేవి, మధ్యాహ్నానికి మళ్లీ పరుచుకునేవి. అవి డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు. పోషకాలు అడుగంటి, పోటీకి వచ్చే నాచు, బ్యాక్టీరియా తగ్గితే వీటికి చోటు దొరుకుతుంది. నత్తలు ఒక్కొక్కటిగా చచ్చిపోయాయి, పగడాల్లాంటి జోయాంథిడ్లు వారాల తరబడి విచ్చుకోలేదు. అంత బాధ ఈ తొట్టితో ఇంకెప్పుడూ పడలేదు. గుళికలు తీసేసి, మేత పెంచి, ఫాస్ఫేట్‌ను మళ్లీ 0.05కి తెచ్చేసరికి రెండు నెలలు పట్టింది.

రెఫ్యూజియం పెట్టింది ఆ తర్వాతే. పైతొట్టి లైటు ఆరాక, రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా చీటోకి మామూలు గ్రో లైటు వెలుగుతుంది. రాత్రిపూట పీహెచ్ పడిపోవడమూ దీనివల్ల తగ్గింది. మూడు వారాలకోసారి సగం ముద్ద తీసి, పిండి, వంటింటి కాటా మీద తూస్తాను. పావుకిలో దాకా వస్తుంది. చేపలు తిన్న మేతలోంచి వచ్చిన నైట్రేట్, ఫాస్ఫేట్ అందులో పట్టుబడి బయటికి పోతున్నట్టే. ఇప్పుడు నైట్రేట్ 5 నుంచి 8 మధ్య, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.08 మధ్య ఉంటున్నాయి. రాళ్ల మీద పాకురు పోయి గట్టి పొరలా పెరిగే ఊదారంగు కోరలైన్ నాచు పాకుతోంది.

ఇబ్బందులు లేకపోలేదు. చీటో నైట్రేట్‌ను ఎక్కువగా, ఫాస్ఫేట్‌ను చాలా తక్కువగా వాడుకుంటుంది. ఒకసారి నైట్రేట్ సున్నాకు పడి ముద్ద తెల్లబడి కరిగింది, ఫాస్ఫేట్ మాత్రం 0.2 దగ్గర కూర్చుంది. అలాంటప్పుడు జీఎఫ్ఓ ఒకటి రెండు చెంచాలు చిన్న సంచిలో కట్టి వేస్తే చాలు, రెండు రోజులకోసారి టెస్ట్ చేయాలి. పోగులు తెగి, నీటిని పైతొట్టికి పంపే రిటర్న్ పంపులో చిక్కుకుంటాయి, అడ్డంగా స్పాంజి పెట్టక తప్పదు. కరెంటు పోతే పంపును ఇన్వర్టర్ మీద నడిపిస్తాను. గ్రో లైటుకు ఇవ్వను, ఒక రాత్రి వెలగకపోయినా చీటోకి ఏమీ కాదు.

నేను కొన్న మొదటి చీటో ముద్దలో, పగడాలను కుట్టే ఐప్టేసియా అనే చిన్న సముద్రపు అనిమోన్ దాక్కుని వచ్చింది. అది ఏరడానికే ఏడాది పట్టింది. మొన్న కాజీపేటలో కొత్తగా ట్యాంక్ పెట్టిన తమ్ముడికి సగం ముద్ద ఇస్తూ, రెండు వారాలు విడిగా బకెట్‌లో ఉప్పునీళ్లు పోసి, లైటు కింద ఉంచి, పోగులు విప్పి చూశాకే తొట్టిలో వెయ్యమని చెప్పాను.