ఫెండర్ రంబుల్ 40: బాస్ పగలకుండా ఎంత సౌండ్ ఇస్తుంది?

ఒంగోలులో మా చర్చి క్వైర్‌లో బాస్ గిటార్ వాయిస్తాను, దాని సౌండ్ పెంచడానికి వాడే ఆంప్ ఫెండర్ రంబుల్ 40. నలభై వాట్లు, 10 అంగుళాల స్పీకర్ ఒకటి, బరువు ఎనిమిది కిలోల పైచిలుకు కాబట్టి స్కూటీ మీద ముందు పెట్టుకుని వెళ్లిపోవచ్చు. దీన్ని చూసిన వాళ్లంతా అడిగేది ఒకటే, ఇంత చిన్న డబ్బాతో హాలుకి సరిపోతుందా, పెంచితే సౌండ్ పగలదా అని.

కీబోర్డు, ఢోలక్, ప్యాడ్స్ ఉన్న క్వైర్‌కి హాయిగా సరిపోతుంది, ఆంప్ మీద అడుగు మోతని పెంచి తగ్గించే బాస్ నాబ్ తగ్గించి వాయిస్తే.

ఇది చాలామంది నమ్మరు. బాస్ ఆంప్‌లో బాస్ తగ్గించడమేంటి అంటారు. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావుపాటిదైన E తీగ మోత సుమారు 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంత కింది మోత మన చెవికి సరిగా ఆనదు, పైగా దాన్ని వినిపించాలంటే స్పీకర్ కోన్ చాలా దూరం ముందుకీ వెనక్కీ కదలాలి. పది అంగుళాల కోన్ ఎంతని కదులుతుంది? ఆంప్ సత్తువంతా అక్కడే ఖర్చయిపోయి ప్రతి నోటు మొదట్లో గరగరమంటుంది. ఆ అడుగు మోత కొంచెం తగ్గించి, దాని పైన 82 హెర్ట్జ్ నుంచి మిడ్ (మధ్య స్థాయి మోత) వరకు ఉండేదాన్ని లేపితే నోటు స్పష్టంగా వినపడుతుంది, కింద లేనిదాన్ని చాలావరకు చెవే పూరించుకుంటుంది. గిటార్ వాళ్ల 20 వాట్ల ఆంప్ అంత గట్టిగా మోగేది కూడా అందుకే, వాళ్ల సౌండంతా చెవికి బాగా ఆనే చోటే ఉంటుంది.

వాట్లు పెంచుకుంటే పోలా అనుకోవద్దు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్లు పవర్ కావాలి.

నేను పెట్టుకునేది చెప్తాను. బాస్ సగానికి కాస్త కింద, లో మిడ్ సగం దాటించి, హై మిడ్ కొద్దిగా పైకి. కాంటూర్ బటన్ నొక్కను, ఇంట్లో ఒక్కరమే వాయించుకునేటప్పుడు అది ఎంత బాగున్నా మిడ్ తీసేస్తుంది కాబట్టి పదిమందితో కలిసి వాయించేటప్పుడు బాస్ మాయమైపోతుంది. సౌండ్‌ని కావాలనే గరగరలాడించే ఓవర్‌డ్రైవ్ ఆఫ్. బాస్ నుంచి వచ్చే సిగ్నల్‌ని పెంచే గెయిన్ నాబ్ మాత్రం గట్టిగా మీటినా పగలనంత వరకే ఉంచి, మిగతా సౌండ్ మాస్టర్ వాల్యూమ్‌తో పెంచాలి. మీది యాక్టివ్ బాస్, అంటే బ్యాటరీతో పనిచేసే సర్క్యూట్ ఉన్న గిటార్ అయితే లోపలి 9 వోల్టుల బ్యాటరీ కూడా చూసుకోండి, అది అయిపోవస్తే వచ్చే గరగరకి పాపం ఆంప్‌ని తిడుతుంటారు. తేలిగ్గా మీటడం అలవాటైతే ఇంకా మంచిది, ఒక్కో నోటు ఎగిరిపడకపోతే మొత్తం సౌండ్ ఇంకాస్త పెంచుకోవచ్చు. కంప్రెసర్ చేసేదీ అదే పని. ఆంప్‌ని గోడకి దగ్గరగా కుర్చీ మీద పెడితే మీకూ బాగా వినపడుతుంది, లేకపోతే ఏమీ ఆనట్లేదని నాబ్ తిప్పుతూనే ఉంటారు.

ఇక బయట పందిళ్ల సంగతి వేరు. డిసెంబరులో చీమకుర్తి వైపు ఊళ్లలో కూటాలకి వెళ్లినప్పుడు వెనక గోడ ఉండదు, పైకప్పు ఉండదు, ఈ సైజు ఆంప్ ఏదైనా సరే ఒక్కటీ ఏం చేయలేదు. అక్కడ దీని ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ అవుట్ కాపాడుతుంది: వైరు మిక్సర్‌కి ఇచ్చేస్తే జనానికి పెద్ద బాక్సులు వినిపిస్తాయి, ఆంప్ మన చెవి కోసం ఉంటే చాలు. ఒక ఊళ్లో మైక్ సెట్ అతను బాస్‌కి లైన్ ఎందుకులే అన్నాడు, ఆ రాత్రంతా ముందు వరసకి తప్ప బాస్ చేరలేదు, నాకు చాలా బాధేసింది. కాబట్టి ముందే మాట్లాడుకోండి, మీ వైరు మీరే తీసుకెళ్లండి.

అసలు డ్రమ్స్ పెట్టి కర్రలతో గట్టిగా కొట్టే టీమ్ అయితే ఇది వద్దు, 12 అంగుళాల స్పీకర్ ఉన్న రంబుల్ 100 చూడండి. ఏది కొన్నా విని కొనడం మంచిది, పొద్దున ఒంగోలులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై సెంట్రల్‌లో దిగొచ్చు, మీ బాస్ మీరే తీసుకెళ్లి మౌంట్ రోడ్డు షాపులో ఆంప్‌కి తగిలించి చూడండి, బాస్ నాబ్ సగానికి కింద పెట్టి.